చాట సాక్ష్యం

కడుపు కోయించుకోవడం కోసం మూడు నెలలు కష్టపడి అబద్ధమాడిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఈ కథ చదివాక నన్ను చూసినట్టే అనుకోండి.

అది అరవై నాలుగో సంవత్సరం. ఖానాపూర్ మిడిల్ స్కూల్లో నేను లెక్కల సారును. పేరు రామచంద్రం. నా ఇల్లాలు కమలవ్వ. మా ఇద్దరి మధ్య మూడో మనిషిలా నా ఛాతీలో మంట కాపురముండేది.

మామూలు మంట కాదు. అన్నం తిని చెప్పులు తొడుక్కోవడానికి వంగితే, తిన్నది గొంతుదాకా వచ్చి పలకరించి పోయేది. పడుకుంటే పుల్లటి నీళ్ళు ముక్కులోకి ఎగదన్నేవి. బోర్డు మీద లెక్క చేస్తూ నేను ఛాతీ పట్టుకుంటే, లెక్క తప్పిందనుకుని పిల్లలు పలకలు తుడిచేసేవారు.

ఊళ్ళో ఒక డాక్టరు ఉండేవాడు. జ్వరమొచ్చినా సోడా పొడి, తేలు కుట్టినా సోడా పొడి ఇచ్చేవాడు గనుక ఆయన్ను సోడా డాక్టరు అనేవారు. ఆయన జన్మలో సరైన జబ్బుకు సోడా ఇచ్చింది నాకొక్కడికే. రెండేళ్ళు తాగాను. ఆ తరువాత ఆయన మందు మార్చాడు.

"మంచం తలాపు కింద రెండిటుకలు పెట్టుకో సారూ. తల ఎత్తుల ఉంటే పైకి రాదు" అన్నాడు.

పెట్టుకున్నాను. పైకి రావలసింది రాలేదు గానీ నేను కిందికి పోయేవాణ్ణి. తలగడ దగ్గర పడుకున్నవాణ్ణి, తెల్లారేసరికి కాళ్ళ వైపు మంచం కోళ్ళ దగ్గర కుప్పగా ఉండేవాణ్ణి.

"ఇది మంచమా, జారుడు బండనా?" అంది కమలవ్వ.

"వైద్యం."

"వైద్యం మంచానికి చేస్తున్నవ్. ఎల్లిపాయ కారం నువ్వు తింటున్నవ్."

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. మా ఇంట్లో జొన్నరొట్టె కారానికి తోడు, కారం రొట్టెకు తోడు కాదు. కారం లేని కూడు నాకు సెలవు రోజు బడి లాంటిది. గోడలుంటాయి, బెంచీలుంటాయి, చప్పుడుండదు. కమలవ్వ ఒకసారి బీరకాయ పొట్టుతో పచ్చడి చేసి పెడితే, "సప్పిడి గడ్డి బర్రెకు పెట్టు" అని కంచం నెట్టేశాను. ఆమె బర్రెకు పెట్టలేదు. తనే తినేసింది.

చివరికి సోడా డాక్టరు పట్నంలోని పెద్ద దవాఖానకు చీటీ రాసిచ్చాడు. జూన్ నెలాఖరున ఇద్దరం హైదరాబాదు పోయాం.

అక్కడ నాకు ఒక గ్లాసెడు తెల్లటి చిక్కటి మందు తాగించి, బల్ల మీద పడుకోబెట్టి ఫొటో తీశారు. తలుపు సందులోంచి చూస్తున్న కమలవ్వ నర్సమ్మను అడిగింది, "గోడకేసే సున్నం కడుపుల పోస్తున్నరేందమ్మా? పండుగ ఇంకా దూరముంది గద."

కోతల డాక్టరు మా కరీంనగర్ వైపు మనిషే. విలాయత్ పోయి చదివొచ్చినా మాట మారలేదు. ఫొటోను వెలుతురుకు పట్టి చూశాడు.

"ఇగో మాస్టర్ సాబ్. నీ పొట్ట మూతి ఢీలా అయ్యింది. పొట్టల కొంత భాగం పొర దాటి ఛాతిలకు ఎక్కి కూసుంది. ఆపరేషన్ అంటే ఏమీ లేదు. కోసి, ఎక్కినదాన్ని కిందికి గుంజి, మూతి చుట్టు బిగిచ్చి కుడతం. సంచి మూతి కుట్టినట్టు."

"మూతి కుట్టాల్నని నేను ఎన్నొద్దులసంది మొత్తుకుంటున్న సారూ" అంది కమలవ్వ. "చేతిల సూది ఉన్నప్పుడే జర పై మూతి గూడ జూడుండ్రి."

డాక్టరు నవ్వాడు. వెంటనే నవ్వు మానేశాడు.

"కని అందరికీ కుట్టం. కడుపు కోసుడంటే ప్రాణం మీది పని. ముందు మూడు నెలలు కారం, ఎల్లిపాయ, నూనె, చాయ్ బంద్. కడుపుకు సగమే తినాలె. రోజు ఏం తిన్నవో, మంట ఉన్నదో లేదో రాయాలె. గింత చేసినా మంట తగ్గకపోతే అప్పుడు కోస్త. తగ్గితే చెయ్యి గూడ పెట్ట."

నేను తల ఊపాను. ఆ తలలో అప్పటికి ఏ దురాలోచనా లేదు. అది ఆ రోజుకు నన్ను ఉంచిన వార్డులో పుట్టింది.

వార్డులో మందమర్రి బొగ్గుబాయి కార్మికుడు కొమురెల్లి ఉన్నాడు. అదే ఆపరేషను అయి పదకొండు రోజులు. దిండుకు ఆనుకుని దొరలా కూర్చున్నాడు.

"మూతి బిగిచ్చిన్రు సారూ" అన్నాడు పొట్ట నిమురుకుంటూ. "ఇగ ఏం తిన్నా పైకి రాదు. ఇంటికి వోయినంక యాట కూర, గుప్పెడు కారం. ఎవడు ఆపుతడో జూస్త."

నా చెవులకు ఆ మాట వేదంలా వినబడింది. మూతి కుట్టించుకుంటే ఎల్లిపాయ కారం జీవితాంతం నాదే. కుట్టించుకోవాలంటే మంట తగ్గకూడదు. మంట తగ్గకూడదంటే పథ్యం చేస్తున్నట్టు కనబడాలి, పథ్యం చేయకూడదు. ఇంత తేలికైన లెక్కను నా సర్వీసులో నేను చేయలేదు.

నేను లోపల ఈ లెక్క చేస్తుంటే కమలవ్వ బయట వరండాలో కొమురెల్లి భార్య లస్మవ్వ పక్కన కూర్చుంది. తిరుగు బస్సులో ఆమె కిటికీ వైపు చూస్తూ చెప్పింది.

"లస్మవ్వ పదకొండు దినాలసంది తల దువ్వుకోలేదట. మొగన్ని లోపటికి తీస్కపోయి తలుపు మూసిన్రట. ఐదు గంటలు తెరువలేదట. ఎవరన్నా బయటికి వస్తే మొఖం జూసుడు, మళ్ళ కూసునుడు. నాతోని గాదు గట్ల కూసునుడు."

"అట్లనా" అన్నాను. నేను రోట్లో నూరే కారం గురించి ఆలోచిస్తున్నాను.

ఇంట్లో పథ్యం మరునాటి నుంచే మొదలైంది. పొద్దున జావ, మధ్యాహ్నం మజ్జిగన్నం, పొద్దుగూకక ముందే గిన్నెడు పెసరకట్టు. కారం డబ్బా ఎటు పోయిందో తెలియదు. వెతికితే ఒకచోట ఎలుకల మందు దొరికింది, కారం దొరకలేదు.

ఆదుకున్నవాడు అంబదాస్. పెన్‌గంగ అవతలి మరాఠీ వైపు నుంచి వచ్చి మా ఊళ్ళో హోటలు పెట్టాడు. వారానికోసారి అంగడి రోజున అతని భార్య గంగుబాయి రొట్టెలు కొట్టి, ఠేచా నూరేది. పచ్చిమిరపకాయలు, ఎల్లిపాయలు, పల్లీలు, ఉప్పు కచ్చాపచ్చాగా దంచితే ఠేచా అవుతుంది. మొదటి ముద్దకు చెవులు వేడెక్కుతాయి. రెండో ముద్దకు చచ్చిపోయిన తాతలు కనబడతారు.

"అంగడినాడు ఆలస్యమైతది. పరీక్ష కాగితాలు దిద్దేది ఉంది" అన్నాను ఇంట్లో.

"దిద్దు" అంది కమలవ్వ.

మాటకు పది మాటలు చెప్పే మనిషి ఒక్క మాటతో సరిపెట్టింది. అప్పుడే జాగ్రత్త పడవలసింది. పడలేదు.

కొన్నాళ్ళకు వంటింటి గోడ మేకుకు ఒక పాత చాట వేలాడుతూ కనబడింది. అలికిన చాట వెనుక వైపు సున్నంతో తెల్లవి, జాజుతో ఎర్రవి చుక్కలు. కమలవ్వకు అక్షరాలు రావు. కోడిని పొదగేస్తే రోజుకొక చుక్క పెట్టి ఇరవై ఒకటి చూసుకుంటుంది.

"ఏ కోడి?" అన్నాను.

"కోడి కాదు. ఒక పుంజును పొదగేసిన."

"పుంజు పొదుగుతదా?"

"అదే జూస్తున్న."

"ఎర్రవేంది మరి?"

"మురిగిన గుడ్లు."

కోళ్ళ విషయంలో చదువుకున్నవాడు తలదూర్చడం ఎందుకని ఊరుకున్నాను.

ఇక నా రాత విషయం. మా బళ్ళో డైరీ ఎవరూ ఏ రోజుది ఆ రోజు రాయరు. తనిఖీ రేపనగా కూర్చుని, ఆరు నెలల పాఠాలు ఒకే సిరాబుడ్డితో చెప్పేస్తాం. పద్దెనిమిదేళ్ళ అలవాటు ఒక్కసారిగా మానుకోవడం ఆరోగ్యానికి మంచిది కాదు. అందుకని డాక్టరు నోటుబుక్కును అటక మీద భద్రంగా పెట్టాను.

రెండు నెలలు ఏ లోటూ లేకుండా గడిచాయి. అంగడి నాడు ఠేచా, ఆ రాత్రి మంట. మంచం కాళ్ళ దగ్గర కుప్పగా పడి నేను మూలుగుతుంటే లోపల్లోపల సంతోషంగా ఉండేది. మిగిలిన ఆరు రోజులు మాత్రం దిగులు. ఎంత వద్దనుకున్నా ఆ రోజుల్లో మంట తగ్గిపోతోంది. జావకు అంత దుర్మార్గం ఉందని నేను అనుకోలేదు.

మూడో నెలలో పెద్ద దెబ్బ తగిలింది. ఠేచా తిన్నా మంట లేదు.

"మిరపకాయల దమ్ము లేదేంది అంబదాస్?" అన్నాను.

"పాఊస్ జాస్తి గురుజీ" అన్నాడు అతను, పొయ్యి వైపు చూస్తూ. "ఈ ఏడు వానలు మస్తు పడ్డయ్. మిర్చికి కారం పట్టలే."

"ఇంకో ముద్ద ఎయ్యి మరి."

గంగుబాయి ముసుగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంకో ముద్ద వేసింది. తిన్నాను. రుచి మాత్రం బాగుంది. ఆ రాత్రి వెల్లకిలా పడుకుని మంట కోసం ఎదురు చూశాను. రాలేదు. ఆపరేషను చేజారిపోతోందని భయం వేసి, మూలుగు నేనే మొదలుపెట్టాను.

కమలవ్వ అటు తిరిగి పడుకునే అంది, "జర మెల్లగ మూలుగు. బర్రె బెదురుతున్నది."

నాలుగు అంగళ్ళు అలాగే గడిచాయి. అక్టోబరు మొదటి వారంలో పట్నం ప్రయాణం. ముందురోజు బడి నుంచి వచ్చి, నోటుబుక్కు దించి, మూడు నెలలూ ఏకబిగిన రాసేశాను. "ఉదయం జావ. మధ్యాహ్నం మజ్జిగన్నం. మంట తీవ్రం." చదివేవాడికి విసుగు రాకూడదని మధ్య మధ్య "అతి తీవ్రం" అని, చివరి నెలలో "వర్ణనాతీతం, రాత్రంతా మూలుగు" అని రాశాను.

బస్సులో కమలవ్వ ఒళ్ళో ఒక మూట. పాత తువ్వాలతో చుట్టింది.

"ఏందది?"

"చాట."

"దవాఖానకు చాటెందుకు?"

"తాలు చెరగొద్దా?"

పట్నంలో చాట దొరకదని ఎవరో అడిగి ఉంటారనుకున్నాను.

డాక్టరు నోటుబుక్కు తిప్పాడు. మొదటి పేజీ చదివాడు. నడిమి పేజీ చదివాడు. తరువాత ఆఖరి పేజీకి పోయి అక్కడ ఆగాడు.

"మాస్టర్ సాబ్, మీరు ఏం చెప్తరు బళ్ళె?"

"లెక్కలు."

"సెప్టెంబరు ముప్పై ఒకటో తారీఖు గూడ మీకు మంట వర్ణనాతీతంగ ఉన్నదట."

నేను బల్ల కింద పిడికిలి కణుపుల మీద నెలలు లెక్కపెట్టాను. సెప్టెంబరుకు ముప్పయ్యే.

"మా బాపు గూడ సారే" అన్నాడు డాక్టరు. "ఇన్‌స్పెక్టర్ వస్తడనంగ రాస్తుండె డైరీ. సిరా గిట్లనే ఉంటుండె, మొదటి నుంచి ఆఖరి దాక ఒక్క తీరుగ."

అప్పుడు కమలవ్వ మూట విప్పింది. చాటను బోర్లించి డాక్టరు బల్ల మీద, గొట్టాలకూ కత్తెరలకూ పక్కన పెట్టింది.

"ఇది గూడ జూడుండ్రి సారూ. నాకు రాయరాదు. మా సారు మంచిగ పండుకున్న దినం సున్నం చుక్క. మంటతోని లేచిన దినం జాజు చుక్క. వరుసకేడు. వరుస ఆఖర్ది అంగడి దినం."

డాక్టరు కళ్ళద్దాలు సవరించుకుని వంగాడు. నేనూ వంగాను. మొదటి నాలుగు వరుసల్లో ఎరుపు, తెలుపు కలిసి ఉన్నాయి. అయిదో వరుస నుంచి అన్నీ తెల్లవి, ఆఖరి చుక్క ఒక్కటే ఎర్రది. దాని కింద వరుసా అంతే. ఆ కింద వరుసా అంతే. పుంజు ఎవరో నాకు అప్పుడు తెలిసింది.

"అంగడినాడే ఎందుకు మంట?" అన్నాడు డాక్టరు.

"మా సారు గా దినం కాగితాలు దిద్దుతడు. అంబదాస్ హోటల్ల."

డాక్టరు ఆఖరి నాలుగు వరుసల మీద వేలు పెట్టాడు.

"ఇవి మొత్తం తెల్లగనే ఉన్నయి. అంగడినాడు గూడ. అంటే నెల దినాలసంది మంటనే లేదు. ఇగ ఆపరేషన్ మాటనే లేదు."

నేను లేచి నిలబడ్డాను. అబద్ధాన్ని నేను సహించగలను. తప్పు లెక్కను సహించలేను.

"డాక్టర్ సాబ్, ఆ నాలుగు వరుసలు తప్పు" అన్నాను. "ఆ నాలుగు అంగళ్ళు గూడ నేను ఠేచా తిన్న. ఒక ముద్ద కాదు, రెండు ముద్దలు ఏయించుకొని తిన్న. కావాల్నంటే అంబదాస్‌ను అడుగుండ్రి. తెల్లయి ఎట్ల పెడతది?"

నేను ఏమన్నానో నాకే కొంచెం ఆలస్యంగా అర్థమైంది.

"అడిగేది అంబదాస్‌ను కాదు, గంగుబాయిని" అంది కమలవ్వ నెమ్మదిగా. "గా నాలుగు అంగళ్ళ ఠేచా నేనే నూరి గిన్నెల పెట్టి ఇచ్చొచ్చిన సారూ. బీరకాయ పొట్టు, పల్లీలు, ఉప్పు. వాసనకు ఒక్కటంటే ఒక్కటి పచ్చిమిరపకాయ. గింజలు తీసి."

"మరి రాత్రులు మూలిగినట్టు రాసిన్రు గద?" అన్నాడు డాక్టరు.

"మూలిగిండు. గదానికి నేను చుక్క పెట్టలే. మూలుగుడు వేరే, మంట వేరే."

డాక్టరు నా నోటుబుక్కు మళ్ళీ తెరిచాడు. జేబులోంచి ఎర్ర సిరా కలం తీసి, ఆఖరి పేజీలో, అచ్చం మా ఇన్‌స్పెక్టరు రాసినట్టే రాసి సంతకం పెట్టాడు: "డైరీ నమ్మదగినది కాదు. చాట ప్రకారం నడుచుకొనవలెను."

పద్దెనిమిదేళ్ళ సర్వీసులో నాకు వచ్చిన మొదటి చెడ్డ రిమార్కు అది.

ఆశ చావలేదు. "కొమురెల్లికి కుట్టిన్రు గద" అన్నాను గొణుగుతూ.

"బయటనే ఉన్నడు. చూపించుకునేటందుకు వచ్చిండు. అడుగుండ్రి."

వరండాలో కొమురెల్లి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ముందటి దొరతనం లేదు. పక్కన లస్మవ్వ ఉంది. తల దువ్వుకుంది.

"యాట కూర తిన్నవా కొమురెల్లీ?" అన్నాను.

"ఎక్కడి యాట సారూ" అన్నాడు. "మంటయితే పోయింది, అబద్ధం ఎందుకు. కని పిడికెడు తింటే పొట్ట డప్పోలె అయితది. కారం ముట్టొద్దన్నరు. ఆపరేషన్ అయినంక గూడ గదే పథ్యం, ఇంకా గట్టిగ. అన్నిటికన్న ఒక్కటి సారూ." అతను గొంతు తగ్గించాడు. "తేన్పు వస్తలేదు. మూతి అంత గట్టిగ బిగిసింది. తిన్నట్టే అనిపియ్యది. ఒక్క తేన్పు వస్తే రాజన్నకు కోడెను కడతనని మొక్కిన."

తేన్పు కోసం వేములవాడ మొక్కు మొక్కిన మనిషి ముందు ఎల్లిపాయ కారం గురించి ఇంకేం మాట్లాడతాం. వచ్చేశాను.

నిర్మల్ బస్సు ఎక్కాం. చాట మళ్ళీ మూట కట్టుకుని ఆమె ఒళ్ళో.

"తెలిసినప్పుడే అడగొచ్చు గద" అన్నాను.

"అడిగితే మానుతుంటివా? ఇంకో హోటల్ చూసుకుంటుంటివి."

నిజమే. అంగడిలో రెండో హోటలు ఉంది. నేను చూసి పెట్టుకున్నాను కూడా.

కొంచెం సేపయ్యాక ఆమే అంది, "నీకేం, మత్తు మందు ఇస్తే పండుకుంటవు. కోసింది తెల్వది, కుట్టింది తెల్వది. తలుపు బయట కూసునేది నేను. గుప్పెడు కారం కోసం నన్ను గా వరండల కూసోబెడుతుంటివి."

నేను కిటికీ వైపు చూశాను. ఆ కిటికీ నాది కాదు, ఆమెది. ఆమె పక్కకు జరిగి చోటిచ్చింది.

"బీరకాయ పొట్టు మంచిగుండెనా?" అంది.

"ఉండె."

"ఇంట్ల చేస్తే గడ్డంటివి."

"రోలు వేరేదేమో అనుకున్న."

"రోలు మనదే" అంది కమలవ్వ.

ఆ తరువాత అంగడి రోజున నేను బళ్ళోనే కాగితాలు దిద్దాను. మంట తగ్గింది. ఇటుకలు మాత్రం మంచం కిందే ఉండిపోయాయి. చాట నిండితే ఆమె మళ్ళీ అలికి, మళ్ళీ మొదటి వరుస నుంచి పెట్టేది. ఎర్ర చుక్క పడిన రోజున నా వైపు చూసేది కాదు. చాటనే చూసేది. అది ఇంకా కష్టంగా ఉండేది.

కమలవ్వ పోయాక ఇది రెండో వానాకాలం. చాట అదే మేకుకు ఉంది. ఇప్పుడు చుక్కలు నేను పెడుతున్నాను. ఆమె పెట్టినంత గుండ్రంగా రావు.

మొన్న అంగడి నాడు అంబదాస్ పిలిచి కూర్చోబెట్టాడు. గంగుబాయి ఠేచా వేసింది. ఈసారి మిరపకాయలదే. పొద్దున మంటతోనే లేచి చాట ముందు నిలబడ్డాను. సున్నం పిడత ఒక పక్క, జాజు పిడత ఒక పక్క ఉన్నాయి. తెల్ల చుక్క పెట్టినా పట్టుకునేవారు ఇంట్లో ఎవరూ లేరు.

ఎర్రదే పెట్టాను.